చెవిపోటు: చెవి శుభ్రంగానే ఉందన్నాక ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి 56 ఏళ్లు. నెల రోజులుగా కుడి చెవిలో పోటు. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందులు రెండు రకాలు వేశారు. తర్వాత ఒక డాక్టరు చూసి చెవి శుభ్రంగానే ఉందని చెప్పి, ఇంకో చుక్కల మందు రాశారు. అయినా తగ్గలేదు. ఇంట్లో నాలుగేళ్ల పాపకి కూడా జలుబు చేసినప్పుడల్లా చెవి నొప్పి. అసలు చెవి నొప్పి ఎందుకొస్తుంది, ఏది దేనివల్లో ఎలా గుర్తుపట్టాలి అని.

ఇద్దరిదీ చెవి నొప్పే అయినా ఇవి రెండు వేరు వేరు జబ్బులయ్యే అవకాశమే ఎక్కువ. పాప సంగతి తేలిక, దాని దగ్గరికి తర్వాత వస్తాను. నాన్నగారి విషయంలో మీరు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగాను. "చెవి శుభ్రంగానే ఉంది" అన్నారు. నెల రోజులుగా పోటు ఉండి, చెవిలో ఏమీ కనపడకపోతే, అది ధైర్యం చెప్పుకునే మాట కాదు. నొప్పి పుడుతున్న చోటు ఇంకెక్కడో ఉందని అర్థం. అలాంటప్పుడు మూడో రకం చుక్కలు వేసినా, ముప్పయ్యో రకం వేసినా ఉపయోగం లేదు.

మీరు రాయని విషయాలు రెండున్నాయి. నాన్నగారికి షుగర్ ఉందా? చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా, వీటిలో ఏ అలవాటైనా ఇప్పుడుందా, ఒకప్పుడైనా ఉండేదా? ఈ.ఎన్.టి. ఓపీలో ఈ వయసు మనిషి చెవిపోటుతో వస్తే, చెవిలోకి చూడకముందే నేను అడిగే ప్రశ్నలివి. ఎందుకో కింద చెబుతాను.

ముందుగా ఇంట్లోనే చేసుకోగలిగిన చిన్న పరీక్ష ఒకటి చెబుతాను. చెవి రంధ్రానికి ముందు, చెంప వైపు చిన్న మెత్తటి బుడిపె ఉంటుంది కదా, దాన్ని వేలితో లోపలికి నొక్కండి. తర్వాత చెవి దొప్పని పట్టుకుని మెల్లగా పైకి, వెనక్కి లాగండి. ఈ రెండిటిలో దేనికైనా మనిషి "అబ్బా" అని తల పక్కకి తిప్పేస్తే, జబ్బు బయటి చెవి కాలువలో ఉన్నట్టు. ఎంత లాగినా పట్టించుకోకుండా, "నొప్పి ఇంకా లోపలండీ" అంటే, అది మధ్య చెవిదన్నా అయి ఉండాలి, అసలు చెవిది కాకుండా అన్నా ఉండాలి. ఇది నూటికి నూరుపాళ్లు నిజమయ్యే పరీక్షేం కాదు గానీ, చాలాసార్లు దారి చూపిస్తుంది.

బయటి చెవి కాలువకి వచ్చే ఇన్ఫెక్షన్లు మన దగ్గర వానాకాలంలో ఎక్కువ. గాలిలో తేమ, దానికి తోడు తలస్నానం చేశాక చెవిలో కాటన్ బడ్ తిప్పే అలవాటు. ఆ కాలువ చర్మం చాలా పల్చన. కింద కండ, కొవ్వు లేకుండా మృదులాస్థికి, ఎముకకి అతుక్కుని ఉంటుంది. బడ్‌తోనో, పిన్నీసుతోనో, బండి తాళంచెవితోనో గీరుకుంటే సూక్ష్మక్రిములు లోపలికి దిగుతాయి. వాపు వస్తే విస్తరించడానికి చోటు ఉండదు కాబట్టి చిన్న సెగ్గడ్డకి కూడా ప్రాణం పోయేంత పోటు వస్తుంది. ఆ పక్కకి తిరిగి పడుకోలేరు, నమలడం కూడా కష్టమే. దీనికి డాక్టరు చేసే మొదటి పని లోపలి చెత్తని సక్షన్‌తో శుభ్రం చేయడం. కాలువ బాగా మూసుకుపోయి ఉంటే నల్లటి ఇక్తమాల్ గ్లిజరిన్‌లో ముంచిన సన్నటి గుడ్డ ఒత్తి లోపల పెడతారు. అది వాపులోని నీరు లాగేస్తుంది. ఒత్తి పెట్టిన మర్నాటికి పేషెంటు ముఖం వేరుగా ఉంటుంది. మూసుకుపోయిన కాలువలో చుక్కలు పోస్తే అవి లోపలికి వెళ్లవు, బయటికి కారి మెడ మీదికి వస్తాయి. చుక్కలు వేసినా తగ్గలేదని వచ్చేవాళ్లలో కొందరి సమస్య ఇంతే.

ఫంగస్‌ది ఇంకో రకం. అందులో ముందు దురద, తర్వాత చెవి దిబ్బడ, ఆ తర్వాతే పోటు. లోపల చూస్తే తడిసిన న్యూస్‌పేపర్ ముద్దలా ఉండి, మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ నలుపు ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజుది. చెవిలో కొబ్బరినూనె, ఆవనూనె పోసుకునే వాళ్లకి ఇది బాగా వస్తుంది. దీనికి మెడికల్ షాపు వాళ్లిచ్చే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన చుక్కలు వేస్తే తగ్గకపోగా పెరుగుతుంది. శుభ్రం చేయించి, క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్ మందు రెండు మూడు వారాలు వాడాలి. దురద పోయింది కదా అని నాలుగో రోజున మానేస్తే వచ్చే నెల మళ్లీ అదే కథ.

ఇప్పుడు షుగర్ సంగతి. వయసు పైబడి, షుగర్ అదుపులో లేని వాళ్లకి ఇదే బయటి చెవి ఇన్ఫెక్షన్ చర్మం దాటి ఎముకలోకి పాకుతుంది. 1968లో చాండ్లర్ అనే అమెరికా డాక్టరు దీన్ని విడిగా వర్ణించి మాలిగ్నెంట్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా అని పేరు పెట్టారు. పేరు చూసి క్యాన్సర్ అనుకోకండి, ఇది ఇన్ఫెక్షనే. సాధారణంగా సూడోమోనాస్ అనే బాక్టీరియా పని. గుర్తుపట్టేది ఎలా అంటే, చెవిలో కనిపించే దానికీ మనిషి పడే బాధకీ పొంతన ఉండదు. లోపల పెద్దగా వాపు ఉండదు, చీమూ కొంచెమే. కానీ రాత్రి పూట పోటు భరించలేక లేచి కూర్చుంటారు. తల సగం పగిలిపోతున్నట్టుందంటారు. చెవి కాలువ అడుగున, మృదులాస్థి ఎముక కలిసే చోట, చిన్న ఎర్రటి కండ పెరిగి ఉంటుంది. మామూలు టార్చితో హడావిడిగా చూస్తే అది కంటికి ఆనదు. మైక్రోస్కోపు కింద చూడాలి. ఆలస్యమైతే పుర్రె అడుగు ఎముకలోకి పాకి, ముఖం నరం దెబ్బతిని మూతి వంకర పోతుంది, మింగుడు కూడా పడదు. చికిత్స వారం పది రోజులది కాదు, ఆరు వారాలకి తక్కువ ఉండదు. షుగర్ అదుపు చేయకుండా ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. నాన్నగారికి షుగర్ ఉందో లేదో తెలియకపోతే రేపే పరగడుపున పరీక్ష చేయించండి. షుగర్ ఉన్నవాళ్లు గులిమి తీయించుకోవడానికి చెవిలో పంపుతో నీళ్లు కొట్టించుకోకపోవడం మంచిది, ఆ తడితోనే ఈ జబ్బు మొదలైనవాళ్లున్నారు.

గులిమి అంటే గుర్తొచ్చింది. గులిమి జబ్బు కాదు, చెవి తనకు తాను రాసుకునే పూత. దానంతట అదే మెల్లగా బయటికి వస్తుంది. మనం బడ్‌తో లోపలికి తోసి తోసి గట్టి బిరడా చేస్తాం. తలంటు పోసుకున్న రోజున ఆ బిరడా నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఒక్కసారిగా దిబ్బడ, పోటు, వినపడకపోవడం. నాలుగైదు రోజులు గులిమి కరిగే చుక్కలు వేసి, తర్వాత డాక్టరు దగ్గర తీయించుకుంటే సరిపోతుంది. బస్టాండ్ల దగ్గర చెవి శుభ్రం చేస్తామని తిరిగే వాళ్ల చేతిలో మాత్రం చెవి పెట్టకండి. వాళ్ల ఇనప పుల్ల తగిలి కర్ణభేరి చిరిగిన వాళ్లని చూస్తూనే ఉంటాం.

ఆరుబయట, కింద పడుకునే ఇళ్లల్లో రాత్రి పూట చెవిలో పురుగు దూరడం మామూలే. చీమ, బొద్దింక పిల్ల, ఏదైనా కావచ్చు. అది కర్ణభేరి మీద గీరుతుంటే వచ్చే చప్పుడుకి, నొప్పికి పెద్దవాళ్లు కూడా కేకలు పెడతారు. ఇక్కడ మాత్రం నూనె పనికొస్తుంది. వేడి చేయని కొబ్బరినూనె కొన్ని చుక్కలు పోసి, పక్కకి తిరిగి పడుకోబెడితే పురుగు చచ్చిపోతుంది. కదలిక ఆగిందంటే గండం గడిచినట్టే. తెల్లారాక తీయించుకోవచ్చు. చెవికి పాత చిల్లు ఉన్నవాళ్లు, చీము కారే వాళ్లు మాత్రం ఏమీ పోయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. పిల్లలు శనగగింజో చింతగింజో పెట్టుకుంటే నూనె, నీళ్లు పోయొద్దు, గింజ ఉబ్బి ఇరుక్కుంటుంది. రిమోట్లో, బొమ్మలో ఉండే గుండీలాంటి బ్యాటరీ పెట్టుకుంటే ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలి. కొన్ని గంటల్లోనే అది లోపలి చర్మాన్ని కాల్చేస్తుంది.

ఇక పాప విషయం. ముక్కు వెనక భాగం నుంచి మధ్య చెవిదాకా యూస్టేషియన్ ట్యూబ్ అని సన్నటి గొట్టం ఉంటుంది. చెవిలోకి గాలి పంపేది, చెవిలో ఊరే నీటిని కిందికి దించేది అదే. పెద్దవాళ్లలో అది వాలుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే ముక్కులో ఉన్నదంతా తేలిగ్గా చెవిదాకా పోతుంది, గొట్టం వాచి మూసుకుంటుంది, లోపల చీము పడుతుంది. అందుకే పగలంతా ఆడుకున్న పాప, జలుబు మొదలైన రెండో మూడో రాత్రి ఒంటిగంటకి ఉలిక్కిపడి లేచి చెవి పట్టుకుని ఏడుస్తుంది. పడుకుంటే పోటు పెరుగుతుంది. ఒళ్లు వెచ్చబడుతుంది. మాటలు రాని పిల్లలైతే పాలు తాగరు, ఊరికే ఏడుస్తారు, ఒక్కోసారి వాంతులు, విరేచనాలు కూడా అవుతాయి. పసిపిల్లలు చెవి లాక్కున్నంత మాత్రాన చెవిపోటు అనుకోనక్కర్లేదు. నిద్రొచ్చినా, పళ్లొస్తున్నా లాక్కుంటారు. జ్వరం, జలుబు, రాత్రి ఏడుపు తోడైతే అనుమానించాలి.

ఆ రాత్రి చేయాల్సింది పారాసిటమాల్ ఇవ్వడం. కిలో బరువుకి 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. సిరప్ సీసా మీద 5 ఎం.ఎల్.లో 120 మిల్లీగ్రాములు అని ఉందో, 250 అని ఉందో కళ్లు పెట్టి చదవండి. రెండు రకాలూ దొరుకుతాయి, తేడా రెట్టింపు. పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. తలవైపు కాస్త ఎత్తు చేసి పడుకోబెట్టండి. వెల్లుల్లి కాచిన నూనె పోయొద్దు. కాగిన నూనెకి లోపలి చర్మం కాలిపోయిన పిల్లలు వస్తుంటారు. పైగా మర్నాడు నేను చూద్దామంటే లోపలంతా నూనె జిడ్డే, కర్ణభేరి కనపడదు.

ఈ ఇన్ఫెక్షన్ చాలామంది పిల్లల్లో రెండు మూడు రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ప్రతిసారీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఆరు నెలల లోపు పసివాళ్లకి, రెండేళ్ల లోపు ఉండి రెండు చెవులూ నొప్పైన వాళ్లకి, చీము కారుతున్న వాళ్లకి, 102 డిగ్రీలు దాటిన జ్వరంతో బాగా బాధపడుతున్న వాళ్లకి వెంటనే ఇస్తాం. మీ పాప వయసులో, ఒక చెవి మాత్రమే అయి, జ్వరం కొంచెమే ఉంటే 48 గంటలు ఆగి చూస్తాం. డాక్టరు ఆగుదామన్నారంటే పట్టించుకోలేదని కాదు.

ఒక్కోసారి ఏడ్చి ఏడ్చి పాప హఠాత్తుగా నిద్రపోతుంది, పొద్దున లేచేసరికి దిండు మీద పసుపు మరక ఉంటుంది. లోపలి ఒత్తిడికి కర్ణభేరి చిట్లి చీము బయటపడిందన్నమాట. నొప్పి తగ్గింది కదా అని ఊరుకోకండి. ఆ చిల్లు సాధారణంగా కొద్ది వారాల్లో పూడుకుంటుంది గానీ, పూడుకుందో లేదో ఎవరైనా చూడాలి. అప్పటిదాకా తలస్నానంలో చెవికి వాజ్‌లీన్ రాసిన దూది పెట్టండి. పూడకుండా వదిలేస్తే అదే ఏళ్ల తరబడి కారే చీము చెవి అవుతుంది.

జలుబు చేసినప్పుడల్లా వస్తోందన్నారు కాబట్టి పాపలో మూడు చూసుకోండి: నోరు తెరుచుకుని పడుకుంటుందా, గురక పెడుతుందా, టీవీ సౌండ్ పెంచమంటుందా లేదా పిలిస్తే రెండోసారి పలుకుతుందా. మొదటి రెండూ ముక్కు వెనకాల అడినాయిడ్స్ (టాన్సిల్స్ లాంటి కండ) పెరిగాయనడానికి గుర్తులు. మూడోది నొప్పి పోయాక కూడా మధ్య చెవిలో జిగురు నీరు నిలిచిపోయిందనడానికి గుర్తు. ఈ నీటికి నొప్పి ఉండదు, అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. బడిలో టీచర్ "పరధ్యానం ఎక్కువ" అని చెబితే అప్పుడు తీసుకొస్తారు. టింపనోమెట్రీ అనే చిన్న పరీక్షతో తెలిసిపోతుంది, నొప్పేం ఉండదు. నిమోనియా రాకుండా వేసే పి.సి.వి. టీకా చెవి ఇన్ఫెక్షన్లని కూడా కొంత తగ్గిస్తుంది. 2017 నుంచి కొన్ని రాష్ట్రాల్లో, 2021 నుంచి దేశమంతా ప్రభుత్వ టీకాల్లో ఇస్తున్నారు. మీ పాప కార్డు చూసుకోండి. ఇంకొకటి, ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే పిల్లల చెవి ఇన్ఫెక్షన్లు ఎక్కువవుతాయి. నాన్నగారికి ఆ అలవాటుంటే, తాతా మనవరాళ్ల నొప్పులు రెండిటికీ అదే సంబంధం కావచ్చు.

చెవి వెనక ఎముక మీద వాపొచ్చి, చెవి దొప్ప ముందుకు తోసుకొచ్చినట్టు కనిపిస్తే అది మాస్టాయిడ్ ఇన్ఫెక్షన్. తెల్లారేదాకా ఆగకండి. అలాగే ఏళ్ల తరబడి నొప్పి లేకుండా చీము కారే చెవిలో కొత్తగా పోటు మొదలైనా, దానికి తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం తోడైనా ఎముక తిని మెదడు వైపు పోతోందేమోనని భయపడాల్సిందే. చీము చెవికి నొప్పి ఉండకపోవడమే మామూలు. నొప్పి వచ్చిందంటే అది హెచ్చరిక.

మిగతావి గబగబా చెప్పేస్తాను. విమానం దిగేటప్పుడు, తిరుమల ఘాట్ దిగేటప్పుడు వచ్చే చెవిపోటు గాలి ఒత్తిడి తేడా వల్ల. చప్పరించడం, మింగడం, ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదడం చేస్తే తగ్గుతుంది. భారీ జలుబుతో విమానం ఎక్కకపోవడమే మేలు. చెంపదెబ్బకి కర్ణభేరి చిరిగితే ఠక్కున పోటు, గుయ్యిమనే శబ్దం, కాస్త రక్తం. పొడిగా ఉంచితే చాలావరకు దానంతట అదే అతుక్కుంటుంది, చుక్కలు వేయొద్దు. చెవి పైభాగంలో, మృదులాస్థికి రెండో మూడో కుట్టు వేయించుకున్నాక దొప్పంతా ఎర్రగా వాచి, కింద తమ్మె మాత్రం మామూలుగా ఉంటే అది మృదులాస్థి ఇన్ఫెక్షన్. ఆలస్యం చేస్తే చెవి ముడుచుకుపోయి ఆకారం పోతుంది. గవదబిళ్లల్లో వాపు చెవి కింద, దవడ దగ్గర ఉండి, తమ్మెని పైకి ఎత్తుతుంది. పుల్లటిది తింటే నొప్పి పెరుగుతుంది.

చెవి దొప్పలోనో, చెవి రంధ్రం దగ్గరో మంటతో కూడిన నీటి పొక్కులు వస్తే అది అక్కి. మన ఊళ్లలో కుమ్మరి దగ్గరికెళ్లి ఎర్రమట్టితో అక్కి రాయించుకునే అలవాటుంది. రాయించుకుంటే రాయించుకోండి, కానీ అదే రోజు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లండి. చెవిలో వచ్చిన అక్కి ముఖం నరాన్ని పట్టుకుంటుంది. మూతి వంకర పోవడం, కన్ను మూతపడకపోవడం, కళ్లు తిరగడం. 1907లో రామ్సే హంట్ వర్ణించిన జబ్బిది. యాంటీవైరల్ మాత్రలు, స్టెరాయిడ్లు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితే ముఖం తిరిగి మామూలయ్యే అవకాశం ఎక్కువ. పొక్కులు రాకముందు రెండు రోజులు ఒట్టి పోటే ఉండొచ్చు, అప్పుడు ఎవరికీ తెలియదు.

ఇక అసలు నాన్నగారి విషయం. చెవికి స్పర్శ మోసే నరాలు చాలా ఉన్నాయి. మెదడు నుంచి వచ్చే ఐదో, ఏడో, తొమ్మిదో, పదో నరాలు, మెడలోంచి వచ్చే రెండో మూడో నరాలు. ఇవే నరాలు పళ్లకి, దవడకి, నాలుకకి, టాన్సిల్స్‌కి, గొంతుకి, స్వరపేటికకి, మెడకి కూడా పోతాయి. కొందరికి చెవిలో పుల్ల పెట్టగానే దగ్గొస్తుంది, గమనించే ఉంటారు. చెవికీ గొంతుకీ ఉమ్మడిగా ఉన్న పదో నరం పని అది. దీని తిరగామరగా కూడా జరుగుతుంది. గొంతులో పుండు పడితే మెదడు దాన్ని చెవి నొప్పిగా లెక్కేసుకుంటుంది. దీన్ని మేం రిఫర్డ్ పెయిన్ అంటాం. పెద్దవాళ్లలో, చెవి మామూలుగా ఉండి నొప్పి ఉన్నప్పుడు మొదట తలుచుకోవాల్సింది దీన్నే.

ఎక్కువగా కనిపించేది పంటి నొప్పి. కింది దవడలో వెనక పళ్లు, జ్ఞానదంతం. చల్లటి నీళ్లు తాగితే చెవిలోకి జివ్వుమంటుంది. చెంచా వెనక భాగంతో ఒక్కో పన్ను మీద మెల్లగా తట్టి చూడండి, దోషి దొరుకుతుంది. తర్వాతది దవడ కీలు. చెవి రంధ్రానికి ముందు రెండు వేళ్లు పెట్టి నోరు తెరిచి మూస్తే అక్కడ కటుక్కుమంటుంది, నొక్కితే నొప్పి. పొద్దున లేవగానే ఎక్కువ ఉంటే రాత్రి పళ్లు కొరుకుతున్నారని అనుమానం. టెన్షన్ ఎక్కువున్న వాళ్లలో ఇది మామూలు. మెత్తటి తిండి, వేడి కాపడం, కొద్దిరోజులు నొప్పి మాత్రలతో చాలావరకు తగ్గుతుంది. మెడ తిప్పినప్పుడు పెరిగే చెవి నొప్పి మెడ ఎముకల అరుగుదల వల్ల. టాన్సిల్స్ వాచినా, టాన్సిల్స్ ఆపరేషన్ అయిన వారంలోనూ చెవి పోటెత్తుతుంది. ఆపరేషన్‌లో చెవికేదో చేసేశారని కంగారు పడి వచ్చే తల్లిదండ్రులకి ఈ సంగతి ముందే చెప్పి పంపాలి. మింగినప్పుడల్లా మెరుపులా ఒక్క క్షణం కొట్టి పోయే నొప్పి తొమ్మిదో నరానిది. దానికి చుక్కలతో పని లేదు, నరాల నొప్పి మాత్రలు వేరు.

వీటిలో ఏదీ దొరకలేదనుకోండి. అప్పుడు నేను అడిగిన రెండో ప్రశ్నకి వస్తాం.

నాలుక మొదట్లో, టాన్సిల్‌లో, అన్నవాహిక మొదలయ్యే చోట పక్కనున్న గుంటలో, స్వరపేటిక పైన పుట్టే క్యాన్సర్లు మొదట్లో చాలామందిలో పెద్దగా ఏ లక్షణమూ చూపించవు. ఒక పక్క చెవి నొప్పి, గొంతులో ఏదో గుచ్చుకుంటున్నట్టు ఉండటం, అంతే. చెవిలో చూస్తే కర్ణభేరి ముత్యంలా మెరుస్తూ ఉంటుంది. "ఏం లేదు, నరాల వీక్‌నెస్" అని బలం మాత్రలిచ్చి పంపేస్తారు. మూడు నెలలు పోయాక మెడలో గడ్డ కనిపిస్తుంది, లేదా గొంతు బొంగురు పోతుంది, లేదా ముద్ద దిగడం మానేస్తుంది. అప్పటికి జబ్బు ముదిరి ఉంటుంది. పొగాకు, దానికి తోడు మందు అలవాటు ఉన్న 40 దాటిన మనిషికి ఒక పక్క చెవి నొప్పి మూడు వారాలు దాటి, చెవి మామూలుగా ఉంటే, గొంతుని స్కోపుతో చూడకుండా ఇంటికి పంపకూడదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో అడ్డపొగ అలవాటుంది. చుట్ట కాలే కొసని నోట్లో పెట్టుకుని తాగడం. ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో. వాళ్లకి క్యాన్సర్ అంగిలిలో వస్తుంది. అమ్మమ్మకి చెవిపోటు అంటే అంగిలి, నాలుక కింద, చెంపల లోపల లైటు వేసి చూడటం ఇంట్లో కూడా చేయగలిగిన పని. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, ఏది కనిపించినా చూపించాలి. గుట్కా నమిలేవాళ్లకి నోరు బిగుసుకుపోవడం మామూలని సరిపెట్టుకోవడం కూడా తప్పే.

నాన్నగారిని ఇవి అడగండి: ముద్ద మింగేటప్పుడు ఆ పక్కనే నొప్పి వస్తోందా, గొంతు మారిందా, ఉమ్ములో రక్తం జీర కనిపిస్తోందా, ఈ మధ్య బరువు తగ్గారా. మీరు మెడకి రెండు పక్కలా చెయ్యి వేసి తడిమి చూడండి, ఒక పక్క గట్టి గడ్డలాంటిది తగులుతోందేమో. వీటిలో ఒక్కటి ఉన్నా ఈ వారంలోనే ఈ.ఎన్.టి. స్పెషలిస్టు దగ్గరికి వెళ్లండి. ఏదీ లేకపోయినా వెళ్లండి, రెండు మూడు రోజులు అటూఇటూ అయినా పర్లేదు. గొంతు ఎండోస్కోపీ ఓపీలోనే చేస్తారు. ముక్కులో, గొంతులో తిమ్మిరి స్ప్రే కొట్టి సన్నటి కెమెరా గొట్టం పెడతారు, కొద్ది నిమిషాల పని, మత్తు అక్కర్లేదు. ముక్క తీసి పరీక్షకి పంపాలంటే ఒప్పుకోండి. "కత్తి తగిలితే జబ్బు ముదురుతుంది" అనే మాట విని ఆగిపోయిన వాళ్లే ముదిరిపోయాక వస్తారు. ఒకవేళ ఏదైనా బయటపడినా, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్సకి కవరేజీ ఉంది, ఖర్చుకి భయపడి పరీక్ష వాయిదా వేయకండి.

కంగారు పెట్టాలని ఇదంతా రాయలేదు. చెవి మామూలుగా ఉండి నొప్పి ఉన్న పెద్దవాళ్లలో పన్ను, దవడ కీలు, మెడ, ఇవే ఎక్కువ. నాన్నగారిది కూడా అదే అయ్యే అవకాశం బాగా ఉంది. కానీ పన్ను అని తేలాలన్నా, దవడ అని తేలాలన్నా ఎవరో ఒకరు నోరు తెరిపించి చూడాలి కదా. ఒక్క మాట, నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు మాత్రమే వచ్చి కూర్చుంటే తగ్గే దవడ, చెవి నొప్పి గుండెది కూడా కావచ్చు. అలా ఉంటే ఈ.సి.జి. ముందు.

వాడుతున్న చుక్కలన్నీ ఇవాళే ఆపేయండి. వాటిలో జెంటామైసిన్, నియోమైసిన్ ఉంటే, కర్ణభేరికి చిల్లున్న చెవిలో పడితే వినికిడికే ప్రమాదం. మూడు సీసాలూ ఒక కవర్లో వేసి డాక్టరుకి చూపించండి. వెళ్లినప్పుడు నెల రోజులుగా అని, ఒకే పక్క అని, మూడు రకాల చుక్కలకీ తగ్గలేదని మొదటే చెప్పండి. చెవి చూసి ఏం లేదంటే లేచి వచ్చేయకుండా, "నోరు, గొంతు కూడా స్కోపుతో చూడండి సార్" అని అడగండి. నాన్నగారికి ఒకప్పుడు చుట్ట అలవాటు ఉండి ఉంటే, మానేసి పదేళ్లయింది కదా అని ఆ సంగతి చెప్పకుండా ఉంటారేమో, మీరు పక్కనే ఉండి చెప్పండి.